షిఫ్టర్ పోలేదు, గ్రీజు ఎండింది

గేర్ల సైకిళ్లు నల్లగొండకు ఇప్పుడు కొత్తేం కాదు. పొద్దున్నే పానగల్లు గుళ్ల వైపు, ఉదయసముద్రం కట్ట మీద హెల్మెట్లు పెట్టుకుని తొక్కేవాళ్లు ఎదురుపడుతూనే ఉంటారు. ఓపిక ఉన్నవాళ్లు నార్కట్‌పల్లి దాకా పోయి హైవే మీద టీ తాగి వస్తారు. ఆదివారాలు కనగల్లు, హాలియా మీదుగా సాగర్ పోయేవాళ్లూ ఉన్నారు. కానీ ఏ అపార్ట్‌మెంటు మెట్ల కిందికైనా ఒకసారి వంగి చూడండి. టైర్లలో గాలి దిగి, సీటు మీద దుమ్ము అట్టకట్టి, గోడకు ఆనించిన గేర్ల సైకిల్ ఒకటి కనిపిస్తుంది. ఎందుకు తొక్కట్లేదని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒక్కటే. "గేర్లు పడ్తలేవు సార్. షిఫ్టర్ పోయిందన్నరు. మార్చాలంటే పట్నం పోవాలె."

షిఫ్టర్ అంటే హ్యాండిల్ దగ్గర ఉండి గేర్లు మార్చే మీట. షిఫ్టర్ పోయింది అనే ఈ మాట మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. అది చాలాసార్లు నిజం కాదు. షిఫ్టర్ నిజంగా విరిగిపోవడం వేరు. దాని లోపల గ్రీజు ఎండిపోవడం వేరు. కేబుల్ పట్టేసుకోవడం వేరు. వెనక చైన్‌ను ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి జరిపేది డెరైలర్, అది వేలాడే హ్యాంగర్ అనే ముక్క వంగడం వేరు. నాలుగింటికీ బయటికి కనిపించే లక్షణం ఒకటే, గేరు పడదు. ఈ నాలుగింటిలో మొదటిదానికే కొత్త షిఫ్టర్ కావాలి. మిగతావి మన ఊళ్లోనే, పంచర్ షాపు ముందు గోనెసంచి పరిచిన ఆ కాస్త జాగాలోనే బాగవుతాయి. ఇది చేసి చూసి రాస్తున్న మాట.

నాది సెకండ్ హ్యాండు రోడ్ బైకు, హ్యాండిల్ కిందికి వంపు తిరిగి ఉండే రకం. దానికి షిమానో కంపెనీ టియాగ్రా రకం తొమ్మిది స్పీడ్ల షిఫ్టర్లు ఉన్నాయి, అంటే వెనక తొమ్మిది గేర్లు. గేరు కేబుల్ పక్కనుంచి బయటికి కనిపించే పాత మోడల్. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత చలికాలం పొద్దుటిపూట కుడి లివర్ మొండికేయడం మొదలుపెట్టింది. లోపలికి తోస్తే టక్కుమనాలి కదా, చప్పుడు లేకుండా వదులుగా ఊగి వెనక్కి వచ్చేది. ఎండెక్కాక ఒకటి రెండు గేర్లు పడేవి. ఎండాకాలం వచ్చేసరికి అవీ పడలేదు.

హైదరాబాద్‌లో ఒక పెద్ద షాపుకు తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ లివర్‌ను రెండుసార్లు తోసి చూసి, లోపల పోయింది, ఈ మోడల్ ఇప్పుడు రాదు, కొత్త సెట్ వేయాలి అన్నాడు. కొత్త సెట్ అంటే షిఫ్టర్లతో ఆగదు. పది స్పీడ్ల షిఫ్టర్ వేస్తే వెనక పళ్ల చక్రాల గుత్తి, అంటే క్యాసెట్ మారాలి, చైన్ మారాలి, డెరైలర్ కూడా చూసుకోవాలి. చివరికి లెక్క నేను సైకిల్ కొన్న ధరను దాటింది. ఎక్కువ ధర చెప్పాడని నాకు బాధ లేదు, కొత్త సామానుకు ధర ఉంటుంది. కేబుల్ విప్పి చూడకుండా, లివర్ మీది రబ్బరు తొడుగైనా వెనక్కి మడవకుండా తీర్పు చెప్పేశాడు. నాకు నచ్చనిది అది.

ఆ తీర్పు ఎందుకు తొందరపాటో చెప్పాలంటే షిఫ్టర్ లోపల ఏముందో కాస్త వివరంగా చెప్పాలి.

ఒకప్పుడు రోడ్ బైకుల గేరు లివర్లు ఫ్రేము కింది గొట్టం మీద ఉండేవి. గేరు మార్చాలంటే హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీసి, లివర్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ, చైన్ చప్పుడు విని సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకోవాలి. 1984లో షిమానో కంపెనీ తన డ్యూరా-ఏస్ అనే గేర్ల సెట్‌లో లివర్‌కు మెట్లు పెట్టింది. ఒక టక్కుకు ఒక గేరు. అప్పటిదాకా తొక్కేవాడి చెవి చేసిన పనిని యంత్రం తీసుకుంది. 1990లో అదే కంపెనీ గేరు లివర్‌ను తెచ్చి బ్రేకు లివర్‌తో కలిపేసింది. చెయ్యి తీయకుండానే బ్రేకు వేయొచ్చు, గేరు మార్చొచ్చు. రెండేళ్ల తర్వాత ఇటలీ కంపెనీ కాంపాగ్నోలో తన పద్ధతిలో అలాంటిదే తెచ్చింది. ఇవాళ మనం రోడ్ బైకు షిఫ్టర్ అంటున్నది ఆ కుటుంబానికి చెందిందే.

లోపల ఒక పళ్ల చక్రం ఉంటుంది. దాన్ని పట్టుకునే చిన్న చిన్న కొక్కేలు ఉంటాయి. కొక్కేలను చక్రం మీదికి నెట్టే సన్నటి స్ప్రింగులు ఉంటాయి. నా మోడల్‌లో కుడి బ్రేకు లివర్‌ను పక్కకు తోస్తే ఒక కొక్కెం చక్రాన్ని ఒక పన్ను తిప్పుతుంది, ఆ మేరకు కేబుల్ చుట్టుకుంటుంది, వెనక చైన్ పెద్ద చక్రం మీదికి ఎక్కుతుంది. దాని వెనకున్న చిన్న లివర్ తోస్తే పట్టు ఒక మెట్టు వదులుతుంది, డెరైలర్ స్ప్రింగు కేబుల్‌ను తనవైపు లాక్కుంటుంది, చైన్ చిన్న చక్రం మీదికి దిగుతుంది.

ఈ మొత్తంలో బలహీనమైనవి కొక్కేల స్ప్రింగులు. అవి వేలితో నొక్కితే లొంగిపోయేంత సన్నవి. ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు మెత్తగా ఉన్నంతకాలం వాటికి ఆ బలం చాలు. ఏళ్లు గడిచేకొద్దీ గ్రీజులోని నూనె విడిపోతుంది, ఆరిపోతుంది, మిగిలింది మైనంలా గట్టిపడుతుంది. మన దగ్గర మే నెల ఎండలు 44, 45 డిగ్రీలకు పోతాయి. సైకిల్ బాల్కనీలో ఆ ఎండలో నిలబడి ఉంటుంది, పైగా దుమ్ము. స్ప్రింగు ఆ ముద్దలోంచి కొక్కేన్ని కదిలించలేదు. కొక్కెం లేచినచోటే ఉండిపోతుంది, చక్రాన్ని అందుకోదు. లివర్ ఖాళీగా ఊగేది అందుకే. ఏ పన్నూ విరగలేదు, ఏ స్ప్రింగూ తెగలేదు. చలికి గ్రీజు ఇంకా చిక్కబడుతుంది కాబట్టి నా లివర్ మొదట పొద్దుటిపూటే మొరాయించింది. నిజంగా విరిగిపోయిన వస్తువు ఎండెక్కాక బాగుపడదు కదా. ఆ ఒక్క లక్షణం చాలు అనుమానం రావడానికి.

ఇక్కడే మన పంచర్ షాపుల సంగతి వస్తుంది. మామూలు సైకిల్ ఫ్రీ వీల్ విప్పి చూడండి. లోపల పళ్లు, కొక్కేలు, సన్నటి స్ప్రింగులు. అదే ఏర్పాటు, కాస్త పెద్ద సైజులో. ఫ్రీ వీల్ లోపల మురికి చేరి కొక్కేలు లేవకపోతే పెడల్ ఖాళీగా తిరుగుతుంది. అప్పుడు మన మెకానిక్ ఫ్రీ వీల్ పారేయమనడు. గ్యాస్‌నూనె పోసి, గిర్రున తిప్పి, నల్లటి మురికి కారిపోయాక నాలుగు చుక్కల ఆయిల్ వేసి ఇస్తాడు. తాతలనాటి నుంచి చేస్తున్న పని ఇది. షిఫ్టర్‌కు కావాల్సిన వైద్యం కూడా సరిగ్గా ఇదే. జబ్బు తెలిసిన చేతులు ఊళ్లోనే ఉన్నాయి. ఈ ఖరీదైన దిమ్మ లోపల ఉన్నది మీకు తెలిసిన యంత్రమేనని ఆ చేతులకు ఎవరూ చెప్పలేదు, అంతే.

హైదరాబాద్ నుంచి తిరిగొచ్చాక నేను సైకిల్‌ను మా వీధి చివరి షాపుకు తీసుకెళ్లాను. ఆ అన్న హీరో, అట్లాస్ సైకిళ్ల మీద పెద్దవాడైన మనిషి. కిరాయి సైకిళ్లు నడిచిన రోజుల్లో వాళ్ల నాన్న పెట్టిన షాపు అది. షిఫ్టర్ చూసి మొదట చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"గిసుంటిది నేనెప్పుడు ఇప్పలే సార్. ఏమన్న అయితే మల్ల నా మీదికొస్తది."

"ఇప్పేది లేదన్నా. ఊరికే తోసి చూడు, ఏమనిపిస్తుందో చెప్పు."

అతను లివర్‌ను మెల్లగా తోశాడు, వదిలాడు, చెవి దగ్గర పెట్టి మళ్లీ తోశాడు. "ఫ్రీ వీల్ జారినట్టే జారుతుంది. లోపల పట్టు దొరుకుతలేదు. జిడ్డు కట్టినట్టుంది సార్."

పెద్ద షాపులో ఎవరూ చేయని పరీక్ష అది. చెవితో, వేలితో అర నిమిషంలో చేశాడు.

ఆ తర్వాత మేం చేసిన పని ఏ ఊళ్లోనైనా చేయొచ్చు కాబట్టి వివరంగా చెప్తాను. ముందు అసలు తప్పు షిఫ్టర్‌దేనా అన్నది తేలాలి. చైన్‌ను వెనక అన్నిటికన్నా చిన్న చక్రం మీదికి తెచ్చి, డెరైలర్ దగ్గర కేబుల్ పట్టుకున్న బోల్టును అలెన్ కీతో వదులు చేయాలి. కేబుల్ ఊడొచ్చాక దాన్ని ఒక చేత్తో గట్టిగా లాగి పట్టుకుని, ఇంకో చేత్తో లివర్ తోయాలి. తొమ్మిది స్పీడ్ల షిఫ్టర్‌లో పైకి ఎనిమిది టక్కులు రావాలి, కిందికి ఎనిమిది రావాలి. అన్నీ వస్తే షిఫ్టర్ బాగున్నట్టే, జబ్బు ఇంకెక్కడో ఉంది. రాకపోతేనే షిఫ్టర్ వైపు చూడాలి. ఐదు నిమిషాల పని. ఈ ఐదు నిమిషాలు పెట్టకుండా షిఫ్టర్ మార్చమనడం పుండొకచోట ఉంటే మందొకచోట పెట్టడమే.

నా దానిలో ఒక్క టక్కు కూడా రాలేదు. సరే, షిఫ్టర్‌దే తప్పు. రబ్బరు తొడుగును వెనక్కి మడిచాం. ముందు చక్రం రిమ్ముకు, బ్రేకు ప్యాడ్లకు పాలిథిన్ కవరు చుట్టాం. బ్రేకు మీద నూనె పడితే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి ఈ పని మాత్రం ఎవరూ మానొద్దు. కింద పాత పేపరు పరిచాం. బ్రేకు లివర్ నొక్కి పట్టుకుంటే లోపలి యంత్రం కనిపించే సందు తెరుచుకుంటుంది. అందులోకి డబ్ల్యుడీ-40 స్ప్రేను సన్న గొట్టంతో కొట్టి, రెండు లివర్లనూ వదలకుండా ఆడిస్తూ పోయాం. మొదట పసుపుపచ్చగా, తర్వాత నల్లగా కారింది. కాసేపు నానబెట్టి మళ్లీ కొట్టాం, మళ్లీ ఆడించాం. చాలాసేపు ఏమీ లేదు. అన్న పక్కన ఇంకో పంచర్ వేసుకుంటూ మధ్యమధ్యలో వచ్చి లివర్ తోసి పోతున్నాడు. ఒకసారి అలా తోసినప్పుడు టక్కుమంది. తర్వాత రెండు వచ్చాయి, కాసేపటికి ఐదు. చీకటి పడే వేళకు ఎనిమిదికి ఎనిమిదీ పలికాయి. ఆ అన్న మొహంలో వెలుగు చూడాలి!

ఇక్కడితో ఆపితే పని సగమే అయినట్టు. ఆ స్ప్రే మురికిని కరిగిస్తుంది కానీ లోపల ఎక్కువకాలం నిలబడి నూనె పని చేయదు. తడి ఆరాక పల్చటి నూనె చుక్కలు వేయాలి. మేం కుట్టుమిషన్ ఆయిల్ వేశాం. చక్రాల బేరింగులకు పెట్టే చిక్కటి గ్రీజు కూరితే మళ్లీ మొదటికే వస్తుంది. పెట్రోలు, థిన్నరు వద్దే వద్దు. లోపల ప్లాస్టిక్ భాగాలున్నాయి, అవి పాడవుతాయి. పైగా పక్కనే అతుకు వేసే వేడి ఉన్న షాపులో పెట్రోలు తెరవడం ప్రమాదం. కంప్రెసర్ గాలి కొట్టేటప్పుడు కూడా దూరం నుంచి కొట్టాలి, దగ్గరగా కొడితే మురికి ఇంకా లోపలికి పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, షిఫ్టర్ దిమ్మను మొత్తం విప్పదీయొద్దు. లోపల చుట్టుకుని ఉన్న స్ప్రింగులు ఎగిరిపోతే మళ్లీ అమర్చడం చెయ్యి తిరిగిన వాళ్లకూ కష్టమే. విప్పకుండా కడిగితే పోయేదానికి విప్పడం అనవసరం.

షిఫ్టర్ పలికింది కానీ గేర్లు ఇంకా సరిగ్గా కూర్చోలేదు. ఇది రెండో జబ్బు. ఇందులో ఒక లెక్క ఉంది, నాకు చాలా ఇష్టమైన లెక్క. షిమానో రోడ్ షిఫ్టర్ ఎనిమిది స్పీడ్లలో ఒక టక్కుకు దాదాపు 2.8 మిల్లీమీటర్ల కేబుల్ లాగుతుంది. తొమ్మిదిలో 2.5, పదిలో 2.3. డెరైలర్ దాన్ని సుమారు 1.7 రెట్లు చేసి అడ్డంగా కదులుతుంది. తొమ్మిది స్పీడ్ల క్యాసెట్‌లో ఒక చక్రానికీ పక్క చక్రానికీ మధ్య దూరం 4.35 మిల్లీమీటర్లు. కేబుల్ దారిలో ఎక్కడో అర మిల్లీమీటరు పోయిందనుకోండి, అక్కడ చైన్ దాదాపు 0.85 మిల్లీమీటర్లు పక్కకు పడుతుంది. చైన్ గరగరమనడానికి, తనంతట తానే గేరు మారడానికి అది చాలు. లివర్‌కు మెట్లు వచ్చాక ఖచ్చితత్వం మొత్తం కేబుల్ మీద పడింది. తప్పు కేబుల్‌ది, నింద లివర్‌కు.

నా సైకిల్‌లో ఆ అర మిల్లీమీటరు ఎక్కడ పోతోందో హ్యాండిల్ తిప్పితే తెలిసింది. సైకిల్ నిలబెట్టి పెడల్ తిప్పుతూ హ్యాండిల్‌ను ఎడమకు తిప్పితే గేరు దానంతట అదే జరుగుతోంది. కేబుల్ మీద ఉండే తొడుగు గొట్టాన్ని హౌసింగ్ అంటారు. ఎప్పుడో ఎవరో గేరు కేబుల్‌కు బ్రేకు హౌసింగ్ వేశారు. బయటికి రెండూ నల్ల గొట్టాలే కానీ లోపల వేరు. బ్రేకు హౌసింగ్‌లో తీగ స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, సాధారణంగా ఐదు మిల్లీమీటర్ల మందం. వంచితే, నొక్కితే దాని పొడవు మారుతుంది. గేరు హౌసింగ్ నాలుగు మిల్లీమీటర్లది, అందులో తీగలు నిలువుగా బారుగా ఉంటాయి, పొడవు మారదు. దీన్ని ఉల్టా చేయడం ఇంకా ప్రమాదం. గేరు హౌసింగ్‌ను బ్రేకుకు వేస్తే గట్టిగా బ్రేకు నొక్కినప్పుడు గొట్టం చీలిపోవచ్చు. కేబుళ్లు కూడా అంతే, గేరుది 1.2 మిల్లీమీటర్లు, బ్రేకుది 1.5 లేదా 1.6. మన షాపుల్లో ఉండేవి ఎక్కువగా బ్రేకువే కాబట్టి ఈ తప్పు జరుగుతూ ఉంటుంది. హౌసింగ్, కేబుల్ కొత్తవి తెప్పించి వేశాం. వాటి ఖర్చు కొన్ని వందలు. షిఫ్టర్ల సెట్ ఖర్చు వేలల్లో.

కేబుల్ పాడయ్యే చోట్లు రెండున్నాయి. ఒకటి, డెరైలర్ దగ్గర హౌసింగ్ వంపు తిరిగే చోట. నీళ్లు అక్కడ చేరి తుప్పు పడుతుంది. రెండోది, పెడల్ ఇరుసు కింద ప్లాస్టిక్ గైడు. అక్కడికి బురద చేరుతుంది. మన జిల్లాలో దీనికి తోడు వడ్ల దుమ్ము. కోతల కాలంలో ఊళ్ల దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. మిర్యాలగూడ వైపు ధాన్యం ట్రాక్టర్ల వెనక పోతే ఆ నూగు చైన్‌కు, కేబుల్‌కు అంటుకుని నూనెతో కలిసి ముద్దవుతుంది. ఆ కాలంలో వారానికోసారి పొడిగుడ్డతో తుడిచినా చాలు.

మూడో జబ్బు హ్యాంగర్. డెరైలర్‌ను పట్టుకునే ఆ చిన్న అల్యూమినియం ముక్క మెత్తగా ఉంటుంది. దెబ్బ తగిలితే ఫ్రేము విరగకుండా తాను వంగాలని కావాలనే అలా చేస్తారు. సైకిల్‌ను బస్సు టాపు మీదో డిక్కీలోనో కుడిపక్క కిందికి పడేలా పెడితే చాలు, వంగుతుంది. వెనక నిలబడి చూస్తే డెరైలర్ చిన్న చక్రాలు క్యాసెట్ చక్రాలతో ఒకే వరసలో కనిపించాలి. పక్కకు వాలితే హ్యాంగర్ వంగినట్టు. అప్పుడు ఎన్ని షిఫ్టర్లు మార్చినా లాభం లేదు. సైకిల్ పడుకోబెట్టాల్సి వస్తే ఎడమపక్క కిందికి పెట్టండి.

పిల్లలకు కొనిచ్చే ఇరవైఒక్క గేర్ల సైకిళ్లకైతే ఈ మాటలన్నీ మరింత వర్తిస్తాయి. వాటిలో మెట్ల కింద పడి ఉన్నవాటి జబ్బు ఎక్కువగా తుప్పు పట్టిన కేబుళ్లే. ఒక కేబుల్, మూరెడు హౌసింగ్, అరగంట పని. ఎవరో పిల్ల ఎనిమిదో తరగతిలో ఆపేసిన సైకిల్ మళ్లీ రోడ్డెక్కుతుంది.

ఇది చెప్తే నా స్నేహితులు చెప్పే అభ్యంతరాలు ఉన్నాయి. ఒకటి భద్రత. బ్రేకు కూడా అదే దిమ్మలో ఉంది కదా, దాంతో ఆటలేంటి అంటారు. మంచి ప్రశ్నే. కానీ బ్రేకు కేబుల్, గేరు యంత్రం ఒకే ఇంట్లో ఉన్నా వేర్వేరు గదుల్లో ఉన్నాయి. కడిగే పనిలో బ్రేకు కేబుల్‌ను ముట్టుకోం. పని అయ్యాక సైకిల్‌ను నడిపిస్తూ రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి చూడాలి, రిమ్ములు తుడవాలి. ఆ జాగ్రత్తతో ప్రమాదం ఏమీ లేదు.

ఇంకొకటి, కడిగినా మళ్లీ ఎండుతుంది కదా అని. ఎండుతుంది. ఏడాదికోసారి నాలుగు చుక్కల నూనె వేయాలి. కొత్త షిఫ్టర్ కొన్నా కొన్నేళ్లకు అదే పని చేయాలి. నూనె వేయక్కర్లేని యంత్రం ఎక్కడుంది?

బలమైన అభ్యంతరం మూడోది. దాని మీద నేను ఎక్కువ ఆలోచించాను. కొత్త షిఫ్టర్ అమ్మితే షాపుకు లాభం మిగులుతుంది, ఒక పూటంతా లివర్ ఆడిస్తూ కూర్చుంటే ఏం మిగులుతుంది? పెద్ద షాపు మెకానిక్ తొందరపాటు వెనక ఉన్నది దురుద్దేశం అని నేననుకోను, ఈ లెక్కే. దీనికి బాధ్యులం మనం కూడా. వేల రూపాయల సామానుకు మారు మాట్లాడకుండా డబ్బు కడతాం. "రెండు చుక్కల నూనె వేసినందుకు మూడొందలా?" అని మాత్రం బేరమాడతాం. జబ్బు కనిపెట్టిన తెలివికి డబ్బు ఇవ్వం, డబ్బాలో వచ్చిన వస్తువుకే ఇస్తాం. ఇలా ఉన్నంతకాలం ఏ మెకానిక్ అయినా డబ్బానే చూపిస్తాడు. పరీక్ష చేసినందుకు వేరుగా కూలి అడగాలి, మనం ఇవ్వాలి. ఏమీ మార్చకపోయినా ఇవ్వాలి. డాక్టర్ మందు రాయకపోయినా ఫీజు ఇస్తున్నాం కదా.

నిజంగా పోయిన షిఫ్టర్లు లేవని నేను అనడం లేదు. పళ్లు అరిగి జారేవి ఉంటాయి. కొక్కెం స్ప్రింగు విరిగినవి ఉంటాయి. పదకొండు స్పీడ్ల షిమానో షిఫ్టర్లు కొన్నిటిలో కేబుల్ లివర్ లోపలే ఇరుకుగా వంపు తిరుగుతుంది. అక్కడ పోగులు ఒక్కొక్కటే తెగి యంత్రంలో ఇరుక్కుంటాయి. గేరు రోజురోజుకూ బరువెక్కుతుంటే, డెరైలర్ దగ్గర కేబుల్ బిగువు సరిచేసే మర మాటిమాటికీ తిప్పాల్సి వస్తుంటే కేబుల్ లోపల తెగుతోందని అర్థం. పూర్తిగా తెగకముందే మార్చాలి. తెగాక లోపల మిగిలిన ముక్కను తీయడానికి పడే అవస్థ అంతా ఇంతా కాదు. కడిగి, నానబెట్టి, మళ్లీ కడిగినా టక్కు రాకపోతే అప్పుడు షిఫ్టర్ మార్చండి. మార్చడం చివరి మెట్టుగా ఉండాలి. ఇవాళ అది మొదటి మెట్టయింది.

కంపెనీల బాధ్యత కూడా ఉంది. షిమానో తన షిఫ్టర్ల బొమ్మలు, సర్వీసు పుస్తకాలు వెబ్‌సైట్‌లో ఉచితంగానే పెడుతుంది, అందుకు మెచ్చుకోవాలి. కానీ లోపలి కొక్కెం గానీ స్ప్రింగు గానీ విడిగా అమ్మదు, దిమ్మ మొత్తం కొనాలి. కాంపాగ్నోలో చాలా ఏళ్లు తన షిఫ్టర్ల లోపలి స్ప్రింగులు, పళ్ల చక్రాలు విడిగా అమ్మింది, మెకానిక్‌లు వాటిని విప్పి కొత్తవి వేసేవాళ్లు. అంటే అది సాధ్యమే. మన కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. మొదట ఎంచుకున్న రంగాలు వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, ఇంటి సామాన్లు, మోటారు వాహనాలు. సైకిల్‌కు అందులో చోటు దొరకలేదు. ట్రాక్టర్ ఉన్న జాబితాలో సైకిల్ ఎందుకు ఉండకూడదు? విడిభాగాలు అమ్మాలి, సర్వీసు పుస్తకం తెలుగులో ఉండాలి అని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. మా వీధి అన్నకు ఇంగ్లిష్ రాదు, బొమ్మ చూపిస్తే మాత్రం ఏ భాగం ఏం చేస్తుందో నాకన్నా ముందు చెప్తాడు. బొమ్మ పక్కన నాలుగు తెలుగు మాటలు ఉంటే ఆయనకు నా అవసరం కూడా ఉండదు.

కొత్తగా రోడ్ బైకు కొనేవాళ్లు అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. జిల్లాలో ఉండి తొక్కేవాళ్లకు ఎనిమిది, తొమ్మిది స్పీడ్లు చాలు. మెట్టు పెద్దది కాబట్టి కేబుల్ కాస్త అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది. చైన్, క్యాసెట్ ధర తక్కువ. పదకొండు, పన్నెండు స్పీడ్లు గొప్పవే, కానీ సాగర్ దారిలో ఆగిపోతే ఎవరు చూస్తారన్నది కూడా ఆలోచించుకోవాలి.

ఇప్పుడు ఆ అన్న షాపులో 1.2 మిల్లీమీటర్ల కేబుళ్లు, నాలుగు మిల్లీమీటర్ల హౌసింగ్ చుట్ట ఉన్నాయి. నలిగిపోకుండా హౌసింగ్ కోసే కట్టర్ కూడా వచ్చింది. లేనిది హ్యాంగర్ వంపు సరిచేసే గేజి. దాన్ని తొక్కేవాళ్లం నలుగురం కలిసి కొని షాపులో పెట్టాలనుకుంటున్నాం. ఇంకొకటి కావాలి. నిజంగా చచ్చిపోయిన షిఫ్టర్ మీ దగ్గర ఉంటే పాత సామాన్ల బండికి వేయకండి, మీ ఊరి మెకానిక్‌కు ఇవ్వండి. కంపెనీ అమ్మని స్ప్రింగు, కొక్కెం అందులో దొరుకుతాయి, విప్పి చూసి నేర్చుకోవడానికీ పనికొస్తుంది. ఎడమవాటి యంత్రం కుడివాటికి సరిపోదు. మాకు ముఖ్యంగా కుడివి కావాలి. వెనక గేర్లు మార్చేది అదే కాబట్టి ముందు అరిగేది అదే.